ప్రాణం దక్కింది చాలు అనుకోకండి: రొమ్ము ఆపరేషన్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒక మాట మళ్లీ మళ్లీ కనిపించింది: "ఇంత చిన్న విషయానికి డాక్టర్ని విసిగించడం ఎందుకని అడగలేదు." చెయ్యి పైకి లేవకపోవడం, జాకెట్టు కుదరకపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం చిన్న విషయాలు కావు. రొమ్ము క్యాన్సర్ రోగుల రోజువారీ బతుకు ఎలా ఉందో తెలుసుకోవడానికి డాక్టర్లు వాడే 23 ప్రశ్నల పత్రం ఒకటి 1996 నుంచీ ఉంది. చెయ్యి లేపడం కష్టంగా ఉందా, బట్టలు లేకుండా ఒంటిని చూసుకోవడం కష్టంగా ఉందా అని అందులో సూటిగా అడుగుతారు. జవాబులు నాలుగే: అస్సలు లేదు, కొంచెం, ఎక్కువగానే ఉంది, చాలా ఎక్కువగా ఉంది. ఓపీకి వెళ్లే ముందు రోజు మీ ఇబ్బందులను కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని పక్కన ఈ నాలుగింటిలో ఒకటి వేసుకోండి. డాక్టర్ ఎదురుగా కూర్చున్న ఐదు నిమిషాల్లో ఏదీ మర్చిపోరు. ఈ శీర్షికలో మీకు జవాబులిస్తున్నది రొమ్ము సర్జన్, ఫిజియోథెరపిస్ట్, క్యాన్సర్ వార్డు నర్సు కలిసి.

ప్రశ్న: నా వయసు 46. కుడి రొమ్ములో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. పది రోజుల్లో ఆపరేషన్. గడ్డ వరకు తీస్తే చాలని డాక్టర్ అంటున్నారు. మొత్తం తీయించుకుంటే పీడ విరగడవుతుందని ఇంట్లో అంటున్నారు. ఏం చెయ్యమంటారు? ఈలోపు నేను చేసుకోవాల్సిందేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ డాక్టర్ మాటే వినండమ్మా. గడ్డను చుట్టూ కొంత మంచి భాగంతో కలిపి తీసి, తర్వాత రేడియేషన్ ఇస్తే, ఆయుష్షు విషయంలో మొత్తం తీసినవాళ్లకూ వీళ్లకూ తేడా ఉండదు. అమెరికాలో ఒకటి, ఇటలీలో ఒకటి, 20 ఏళ్లపాటు రోగులను గమనించిన రెండు పరిశోధనల ఫలితాలు 2002లో వచ్చాయి. రెండూ ఇదే చెప్పాయి. మిగిల్చిన రొమ్ములో మళ్లీ గడ్డ వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుంది కాబట్టి రేడియేషన్ మాత్రం ఎగ్గొట్టకూడదు. రెండు మూడు వేర్వేరు చోట్ల గడ్డలున్నా, రొమ్ము సైజుకు గడ్డ మరీ పెద్దదైనా, ఛాతీకి ఇదివరకే రేడియేషన్ ఇచ్చి ఉన్నా మొత్తం తీయాల్సి రావచ్చు. మీ ఉత్తరంలో అలాంటివేవీ లేవు. రొమ్ము మొత్తం తీయించుకున్నంత మాత్రాన కీమో గానీ, మాత్రలు గానీ తప్పవు. వాటిని తేల్చేది గడ్డ స్వభావం, చంకలోని గ్రంథులు.

ఆ చంక గురించే మీరు డాక్టర్ని గట్టిగా అడగాలి. తర్వాతి రోజుల్లో మీ చెయ్యి ఎలా ఉంటుందన్నది చాలావరకు అక్కడే తేలుతుంది. చంకలో గ్రంథుల వాపు లేకపోతే క్యాన్సర్ పాకితే ముందుగా చేరే రెండు మూడు గ్రంథులను మాత్రం తీసి పరీక్షిస్తారు. దాన్ని సెంటినల్ నోడ్ బయాప్సీ అంటారు. అవి శుభ్రంగా ఉంటే మిగతా గ్రంథుల జోలికి పోరు. చంక గ్రంథులన్నీ తీసేసినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తే, సెంటినల్‌తో ఆగినవాళ్లలో ఇరవై మందిలో ఒకరికి వాస్తుంది. "నాకు సెంటినల్ కుదురుతుందా?" అని సంతకం పెట్టే ముందే అడగండి.

ఇక ఈ పది రోజుల పని. దర్జీ టేపు తీసుకుని రెండు చేతులూ కొలిపించుకోండి: మణికట్టు దగ్గర, మోచేతి మడతకు 10 సెంటీమీటర్ల కింద, 10 సెంటీమీటర్ల పైన. తేదీ వేసి ఫైల్లో పెట్టండి. రేపు చెయ్యి బరువుగా అనిపించినప్పుడు, అది అనుమానమా నిజమా అని తేల్చేవి ఈ ఆరు అంకెలే. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోండి, లేకపోతే కుట్లు త్వరగా మానవు. మూడు బంతుల ఊపిరి పరికరం ఇస్తే ఇప్పటినుంచే సాధన చెయ్యండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి ముందే చెప్పండి. చంకలో వెంట్రుకలను బ్లేడుతో మీరే తీసుకోవద్దు. చిన్న గాటు పడినా అక్కడ చీము పట్టే ప్రమాదం ఉంది. అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు. ముందు గుండీలున్న నైటీలు మూడు నాలుగు కొనుక్కోండి, తల మీదుగా వేసుకునేవి కొన్ని వారాలు పనికిరావు.

ఆరోగ్యశ్రీలో చేయించుకుంటుంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్క్‌లో ఆధార్, రేషన్ కార్డు చూపించి ముందే అనుమతి తీసుకోవాలి. తెలంగాణలో ఈ పథకం పరిమితి 2023 డిసెంబరు నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షలు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే లాంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకున్నా, ప్రైవేటులో చూపించుకున్నా బయాప్సీ రిపోర్టు అసలు కాపీ మీ దగ్గరే ఉండాలి.

ప్రశ్న: మా అత్తగారికి రొమ్ము తీసేశారు. పక్కన గొట్టం, ప్లాస్టిక్ డబ్బాతోనే ఇంటికి పంపారు. దాన్ని ముట్టుకోవాలంటే నాకు చేతులు వణుకుతున్నాయి. పైగా పప్పు, పెరుగు, వంకాయ పెడితే చీము పడుతుందని బంధువులు చారన్నమే పెట్టమంటున్నారు. నిజమేనా?
– ఒక కోడలు, బోడుప్పల్

జవాబు: ఒకటి రెండు రోజుల్లో మీ చేతికి అలవాటైపోతుందమ్మా. లోపల ఖాళీ అయిన చోట ఊరే నీటిని బయటికి లాగడానికే ఆ డ్రెయిన్. హార్మోనియం తిత్తిలా ముడుచుకునే ఆ డబ్బా నొక్కి ఉన్నంతసేపే నీటిని లాగుతుంది. ఉబ్బిపోతే పని చెయ్యనట్టే.

రోజూ ఒకే వేళకు, ఉదయం ఏడు అనుకోండి, సబ్బుతో చేతులు కడుక్కుని మొదలుపెట్టండి. ముందు గొట్టం మీది క్లిప్పు బిగించండి. డబ్బా మూత తీసి నీటిని కొలత గ్లాసులోకి వంచండి, మిల్లీలీటర్లు నోట్‌బుక్‌లో రాయండి. డబ్బాను రెండు చేతులతో పూర్తిగా అణిచి, అణిచిన పట్టు వదలకుండానే మూత పెట్టండి. చివర్లో క్లిప్పు వదలండి. చాలామంది తడబడేది ఇక్కడే. మూత పెట్టేలోపు పట్టు వదిలితే గాలి దూరుతుంది. క్లిప్పు తీయడం మర్చిపోతే నీరు లోపలే ఉండిపోయి ఛాతీ ఉబ్బుతుంది. గొట్టంలో గడ్డకట్టిన రక్తపు తాడులాంటిది కనిపిస్తే, చర్మానికి దగ్గరగా గొట్టాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేతి వేళ్లతో నొక్కుతూ డబ్బా వైపు జార్చండి. పాలు పిండినట్టే.

మొదట ఎర్రగా, తర్వాత గులాబీ రంగులో, చివరికి లేత పసుపులో నీరు వస్తుంది. 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల లోపు వరుసగా రెండు రోజులు వస్తే సాధారణంగా తీసేస్తారు. కొందరు సర్జన్లు 20 దాకా ఆగుతారు. వారం నుంచి రెండు వారాలు పట్టొచ్చు. డబ్బాను వేలాడనివ్వొద్దు. పాత కాటన్ గుడ్డతో చిన్న సంచి కుట్టి మెడలో వెయ్యండి. డ్రెయిన్ తీసేదాకా తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే. ఉన్నట్టుండి చిక్కటి ఎర్ర రక్తంతో డబ్బా నిండినా, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, వాసన వచ్చినా, గొట్టం జారి బయటికి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. డ్రెయిన్ తీశాక చంక కింద నీళ్ల సంచిలా కదిలితే కంగారు వద్దు. ఓపీలో సూదితో తీసేస్తారు, రెండు మూడుసార్లు తీయాల్సి రావచ్చు. ఇంట్లో మాత్రం పిండడం, కాపడం పెట్టడం చెయ్యకండి.

పథ్యం సంగతికొస్తే, పప్పు వల్ల చీము పట్టదు. చీము పట్టించేది క్రిములు. గాయం మానడానికి కావాల్సిన మాంసకృత్తులు మీ బంధువులు వద్దంటున్న వాటిలోనే ఉన్నాయి. 60 కిలోల మనిషికి రోజుకు 72 గ్రాముల దాకా కావాలి. రెండు గుడ్లు 12, రెండు కప్పుల గట్టి పప్పు 15, వంద గ్రాముల కోడికూర ముక్కలు 25, పెద్ద కప్పు పెరుగు 7, గుప్పెడు వేరుశెనగలు 7, గ్లాసు పాలు 6. చారన్నంతో ఇందులో సగం కూడా రాదు. కోడి తినకపోతే 50 గ్రాముల సోయా ముక్కలు నానబెట్టి వండండి, అవీ 25 గ్రాములిస్తాయి. వంకాయ నిక్షేపంగా పెట్టొచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ లెక్క వద్దు, డాక్టర్ చెప్పినంతే.

ప్రశ్న: ఆపరేషన్ అయి ఆరు వారాలు. నొప్పని చెయ్యి కదపకుండా జాగ్రత్తగా ఉంచుకున్నాను. రేడియేషన్‌కు వెళ్తే చెయ్యి తల పైకి రావడం లేదని వెనక్కి పంపారు. చంక నుంచి మోచేతి దాకా తీగలా ఏదో లాగుతోంది.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీరు జాగ్రత్త అనుకున్నదే చెయ్యిని బిగించేసింది. తప్పు మీది కాదు, డిశ్చార్జి రోజున చేసి చూపించాల్సింది. రేడియేషన్ బల్ల మీద చెయ్యి తల పైకి మడిచి రోజూ అదే భంగిమలో కదలకుండా పడుకోవాలి, అందుకే వెనక్కి పంపారు. రెండు మూడు వారాలు క్రమంగా చేస్తే చాలామందికి ఆ మేరకు చెయ్యి వస్తుంది. ఎన్నాళ్లు ఆగొచ్చో రేడియేషన్ డాక్టర్ని ఇవాళే అడగండి.

నొప్పి మాత్ర రాసిచ్చి ఉంటే వ్యాయామానికి అరగంట ముందు వేసుకోండి. గోడకు ఎదురుగా అడుగు దూరంలో నిలబడండి. వేళ్లను సాలీడులా గోడ మీద పైకి నడిపించండి. లాగుతున్నట్టు అనిపించిన చోట ఆగి, ఐదు అంకెలు లెక్కపెట్టి, నడిపిస్తూనే కిందికి దించండి. ఆ ఎత్తు దగ్గర పెన్సిల్ గీత గీసి తేదీ వెయ్యండి. ఇలా ఐదు నుంచి ఏడు సార్లు, రోజుకు మూడు పూటలు. భుజం చెవి దాకా ఎత్తి దొంగదారిన గీత దాటొద్దు, భుజం కిందికే ఉండాలి. తర్వాత వెల్లకిలా పడుకుని చీపురు కర్రను రెండు చేతులతో పట్టుకుని, మంచి చేతి బలంతో తల వెనక్కి తీసుకెళ్లండి. ఇంకొకటి: పడుకునే, వేళ్లు మెడ వెనక జోడించి మోచేతులను పరుపుకు ఆనించడానికి ప్రయత్నించండి. రేడియేషన్‌లో కావాల్సిన భంగిమ దాదాపు ఇదే. లాగడం ఉండాలి, పొడుస్తున్నట్టు నొప్పి ఉండకూడదు.

ఆ తీగ మీ ఊహ కాదు. చంక గ్రంథులు తీశాక సన్నని నాళాలు గట్టిపడి చర్మం కింద తాడులా బిగుస్తాయి. కొందరికి మణికట్టు దాకా వస్తుంది. సాగదీసే వ్యాయామాలతో ఎక్కువమందికి మూడు నెలల్లోపు వదులుతుంది. ఎవరితోనూ గట్టిగా నొక్కించి తెంపించొద్దు. పై చేతి లోపలి వైపు తిమ్మిరి ఉంటే అది చంకలోంచి వెళ్లే నరం దెబ్బతిన్నందువల్ల. కొంత ఎప్పటికీ ఉండిపోవచ్చు, అక్కడ వేడినీళ్ల సంచి పెట్టొద్దు. కాలినా తెలియదు.

కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు ఈ ఉత్తరం చదువుతుంటే: మొదటి రోజు నుంచే పిడికిలి మూసి తెరవడం, మోచెయ్యి మడవడం మొదలుపెట్టండి, రోజుకు మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ 15 నుంచి 25. డ్రెయిన్ ఉన్నన్నాళ్లు భుజం ఎత్తు దాటొద్దు. తీశాక గోడ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: ఆపరేషన్ అయి రెండేళ్లు. ఈ మధ్య ఆ చేతి గాజులు బిగుతైపోయాయి. సాయంత్రానికి బరువుగా ఉంటోంది. తెలిసిన డాక్టర్ నీటి మాత్ర ఇచ్చారు, తగ్గలేదు.
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఇది చంక గ్రంథుల గుండా పోవాల్సిన లింఫ్ అనే నీరు, దారి లేక చేతిలో నిలిచింది. మూత్రం ఎక్కువ పోయే మాత్రలతో తగ్గదు. ఆ మాత్ర ఆపాలా అన్నది ఇచ్చిన డాక్టర్నే అడగండి. గాజులు, ఉంగరం ఇవాళే తీసేయండి, బిగిశాక కోయాల్సి వస్తుంది. పైన చెప్పిన మూడు చోట్ల రెండు చేతులూ కొలవండి. ఎక్కడైనా రెండు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే లింఫెడిమా (ఈ వాపు పేరు అదే) చూసే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లండి. అంతకన్నా తక్కువైనా, బరువుగా ఉందంటున్నారు కాబట్టి వెళ్లడమే మంచిది. మొదట్లో పట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. ఏళ్లు గడిచి గట్టిపడితే అదుపులో పెట్టడమే మిగులుతుంది.

ముందు కొన్ని వారాలు మెత్తటి చేత్తో చర్మాన్ని జార్చే ప్రత్యేక మసాజ్, పొరలు పొరలుగా కట్టు. వాపు దిగాక కొలతకు కుట్టిన బిగుతు స్లీవ్. చేతి కొలతలు తీసుకోకుండా అమ్మే స్లీవ్ కొనకండి, మోచేతి దగ్గర చుట్టుకుపోయి నీటిని అక్కడే ఆపుతుంది. ఉదయం వేసుకుని రాత్రి తీసేయాలి. ఉతుక్కోవడానికి రెండుండాలి, ఆరు నెలలకు సాగిపోతాయి కాబట్టి మార్చాలి. నూనె పెట్టి గట్టిగా రుద్దించుకోవడం వద్దు.

వంటింట్లో ఆ చేతికి నూనె చిట్లకుండా, పచ్చి కొబ్బరి కోరేటప్పుడు గీసుకోకుండా చూసుకోండి. నిమ్మచెట్టు ముల్లు గుచ్చుకున్నా వెంటనే సబ్బుతో కడగండి. చెయ్యి ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, యాంటీబయాటిక్ ఆ పూటే పడాలి. బిందె ఎత్తకూడదు, సంచి మొయ్యకూడదు అని జీవితాంతం భయపెట్టే మాట పాతది. అర కిలోతో మొదలుపెట్టి మెల్లగా బరువు పెంచుకుంటూ వ్యాయామం చేసినవాళ్లకు వాపు పెరగలేదని 2009లోనే తేలింది. స్లీవ్ వేసుకుని, ఫిజియో చూస్తుండగా మొదలుపెట్టండి.

ప్రశ్న: నా భార్యకు కరెంటు పెడుతున్నారు, రోజూ బస్సులో తీసుకెళ్తున్నాను. పాపకు మూడేళ్లు. పక్కన పడుకోబెట్టొచ్చా? కంచం, గ్లాసు వేరు పెట్టాలా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: పడుకోబెట్టండి, ముద్దు పెట్టుకోనివ్వండి. రొమ్ముకు ఇచ్చే ఈ రేడియేషన్ బయటి మెషిన్ నుంచి వస్తుంది. మెషిన్ ఆగిన క్షణమే అదీ ఆగిపోతుంది, ఆమె ఒంట్లో ఏమీ మిగలదు. క్యాన్సర్ అంటుకోదు, కంచం వేరు చెయ్యకండి. చర్మం మీద గీసిన గీతలు చెరగకుండా చూడండి. పసుపు, పౌడరు, బామ్ అక్కడ రాయొద్దు. మామూలుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా, 15 సిట్టింగులు మూడు వారాల్లో అయిపోతాయి. కొందరికి 25 ఇస్తారు. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆమెకు మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం. రద్దీలో ఆ చేత్తో పై రాడ్ పట్టుకోనివ్వకండి.

ప్రశ్న: కుడి రొమ్ము తీసేశారు. ఆఫీసుకు మళ్లీ వెళ్లాలి. జాకెట్టులో రుమాళ్లు పెట్టుకుంటే జారిపోతున్నాయి. భుజం కూడా ఒకవైపు లేచినట్టుంది.
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: భుజం లేవడం నిజమే. ఒకవైపు బరువు పోయేసరికి ఒళ్లు తెలియకుండానే అటు లేస్తుంది, తర్వాత మెడ నొప్పి. ఆపరేషన్ అయి ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటి, గాయం పూర్తిగా మానితే సిలికాన్ రొమ్ము పెట్టుకోవచ్చు. రేడియేషన్ అయినవాళ్లు చర్మం తేరుకునేదాకా ఆగాలి. కోఠిలోని సర్జికల్ దుకాణాల్లో అడగండి, ఆసుపత్రిలోనూ అడగండి. కొనేముందు బ్రాతో సహా వేసుకుని, ముందుకు వంగి చూడండి.

అంత ఖర్చు వద్దనుకుంటే ఇంట్లోనే కుట్టుకోవచ్చు. మెత్తటి మల్లు గుడ్డను రెండో వైపు కప్పు ఆకారానికి కత్తిరించి సంచి కుట్టి దూది నింపండి. కింది భాగంలో చిన్న సంచిలో రాగులు గానీ, ఆవాలు గానీ పోసి దూర్చండి. వంద గ్రాములతో మొదలుపెట్టి, అద్దంలో రెండు బ్రా పట్టీలూ ఒకే ఎత్తులో కనిపించేదాకా కొద్దికొద్దిగా పెంచండి. బరువు పైన ఉంటే తిరగబడుతుంది, అందుకే కిందే ఉండాలి. ఉతికే ముందు గింజల సంచి బయటికి తీయాలి, చెమ్మ తగిలితే పురుగు పడుతుంది.

టైలర్‌తో ఇలా చెప్పండి: హుక్కులు ముందుకే ఉండాలి, కుడివైపు లోపల కాటన్ జేబు కుట్టాలి, దాని నోరు చంక వైపు ఉండాలి, చంక దగ్గర ఒక అంగుళం వదులుంచాలి. పైట ఎడమ భుజం మీదికి పోతుంది కాబట్టి ఎడమవైపు ఆపరేషన్ అయినవాళ్లకు కొంత మరుగు దొరుకుతుంది. మీకు కుడివైపు కాబట్టి మెడ లోతు తగ్గించి, అక్కడ రెండు పొరల లైనింగ్ వేయించుకోండి. మగ టైలర్‌తో చెప్పడం ఇబ్బందైతే, పాత జాకెట్టుకు మీరే జేబు కుట్టి నమూనాగా ఇవ్వండి.

ప్లాస్టిక్ సర్జరీతో కొత్త రొమ్ము చేయించుకోవడం ఇప్పుడైనా ఆలస్యం కాదు. ఏళ్ల తర్వాత కూడా చేస్తారు. రేడియేషన్ అయిన చోట ఇంప్లాంట్ (లోపల అమర్చే సిలికాన్ సంచి) కన్నా వీపు, పొట్ట కండతో చేసేది మేలుగా నిలుస్తుంది. ఆకారం వస్తుంది, స్పర్శ మాత్రం మునుపటిలా రాదు.

ప్రశ్న: వయసు 41. ఆపరేషన్, కీమో అయ్యాక టామాక్సిఫెన్ వాడుతున్నాను. ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి చెమటలు. నెలసరి ఆగిపోయింది. భార్యాభర్తల కలయిక నొప్పి. నాకు దెబ్బ తగులుతుందని ఆయన పక్క గదిలో పడుకుంటున్నారు. ఎవరికి చెప్పుకోను?
– పేరు, ఊరు వద్దు

జవాబు: మాకు చెప్పుకున్నారు, మంచి పని చేశారు. మీ క్యాన్సర్ డాక్టర్‌కు కూడా ఇదే వాక్యంలో చెప్పండి. వాళ్లు రోజూ వినే మాటే. ముందుగా, మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. రోజుకు 20 మిల్లీగ్రాములు, ఐదు నుంచి పదేళ్లు. గడ్డ తిరగబెట్టకుండా కాస్తున్నది అదే.

ఆవిర్లకు హార్మోన్ లేని మందులున్నాయి. వెన్లాఫాక్సిన్ వాటిలో ఒకటి. మనసు బాగాలేదని వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే టామాక్సిఫెన్ వాడుతున్నానని తప్పక చెప్పండి. మనసుకు ఇచ్చే మందుల్లో పారాక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ ఆ మాత్ర పనిని తగ్గించేస్తాయి. నొప్పి పొడిబారడం వల్ల. హార్మోన్ లేని మాయిశ్చరైజర్ వారానికి రెండు మూడుసార్లు, కలయిక వేళ నీటితో చేసిన లూబ్రికెంట్ జెల్. కండోమ్ వాడుతుంటే కొబ్బరి నూనె రాయకండి, రబ్బరు చిరిగిపోతుంది. ఈస్ట్రోజెన్ క్రీమును క్యాన్సర్ డాక్టర్ ఒప్పుకోకుండా వాడొద్దు. నెలసరి ఆగినా గర్భం రావచ్చు, ఈ మాత్ర మీద అది ప్రమాదం. గర్భనిరోధక మాత్రలు వద్దు, కండోమ్ గానీ కాపర్-టి గానీ. ఇకమీదట ఎప్పుడైనా అసాధారణ రక్తస్రావం కనిపించినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా వెంటనే చూపించుకోండి.

గాయం మానాక దగ్గరితనానికి ఏ అడ్డూ లేదు. ఈ మాట మీ నోటితో చెప్పడం కష్టమైతే, వచ్చే ఓపీకి ఆయన్ని లోపలికి తీసుకెళ్లి, "ఈయన భయపడుతున్నారు, ఫరవాలేదని చెప్పండి" అని డాక్టర్నే అడగండి. ఆయన వేరే గదికి వెళ్లింది అసహ్యంతో కాకపోవచ్చు. మీ ఉత్తరంలో మీరే రాశారు, మీకు దెబ్బ తగులుతుందనే భయంతో అని. చేతి కింద, ఛాతీ పక్కన చిన్న దిండు పెట్టుకుంటే ఆ భయం సగం తగ్గుతుంది.

ప్రశ్న: చికిత్స అయి ఏడాది. ఏ చిన్న నొప్పి వచ్చినా మళ్లీ వచ్చిందేమో అని రాత్రంతా మెలకువే. ఆరు నెలలకోసారి పెట్ స్కాన్ చేయించుకుంటే నిశ్చింత కదా?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: నిశ్చింత రాదు, తర్వాతి స్కాన్ దాకా కొత్త భయం వస్తుంది. ఏ లక్షణమూ లేనివాళ్లకు మాటిమాటికీ ఒళ్లంతా వెతికే ఈ పెట్ స్కాన్ తీయడం వల్ల ఆయుష్షు పెరగదు. ఉత్తుత్తి మచ్చలు కనిపించి బయాప్సీల చుట్టూ తిప్పుతుంది. చేయించుకోవాల్సింది మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టర్ చేతి పరీక్ష, ఏడాదికోసారి మిగిలిన రొమ్ముకు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే). రొమ్ము ఉంచి గడ్డ తీయించుకుని ఉంటే రెండింటికీ.

ఒకే చోట ఎముక నొప్పి రెండు వారాలైనా తగ్గకపోతే, ఆయాసం వస్తే, కుట్టు దగ్గర కొత్త గడ్డ తగిలితే, బరువు ఊరికే తగ్గిపోతుంటే తేదీ కోసం చూడకుండా వెళ్లండి. మిగతా నొప్పులను తేదీతో నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. వారం తర్వాత చూస్తే చాలావాటికి మీరే గీత కొట్టేస్తారు. నిద్ర లేకపోవడం మాత్రం వేరే జబ్బుగానే చూడాలి. ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. అర్ధరాత్రి రెండింటికి భయం వేస్తే ఆ వేళకే చెయ్యండి.